దీపం కొండెక్కిన రోజు

ఆజ్ఞప్ప అప్పటికే సూదికొండ మూడో మలుపు దాటాడు.

కింద నుంచి చూస్తే, ఎవరో తోమి ఎండలో పెట్టిన ఇత్తడి బిందె తనంతట తానే కొండ ఎక్కుతున్నట్టుంది. ఆ బిందెకు నాలుగు చేతులు. ఒక చేతిలో దీపం. ఆ దీపంలో నిండుపురం రాకుమారి కనకరేఖ ప్రాణం. ఆ రాకుమారి కొండ మొదట్లో బండరాయి మీద కూర్చుని వెక్కుతోంది.

"గాలి తగులుతోంది దానికి," అంది వెక్కిళ్ళ మధ్య. "మలుపు తిరిగినట్టున్నాడు నీ సుపుత్రుడు."

"సుపుత్రుడు కాదమ్మాయిగారూ, నా చేతిపని," అన్నాడు కంచరి తిప్పన తల వంచుకుని.

"ఎవరి చేతిపని వాళ్ళే పట్టుకోవాలి. లే మరి. పొద్దు వాలేదాకానే నూనె."

కనకరేఖ పుట్టినప్పుడు గుప్పెడంత కూడా లేదు. ఏడవలేదు, కదల్లేదు. అటుగా వచ్చిన యోగి ఒకడు బిడ్డ ఊపిరిని ఒత్తికి ముడివేసి, దీపం వెలిగించి, ఇది వెలిగినంత కాలం ఈమె ఉంటుందని చెప్పి, వడ్డించిన విస్తరి ముందు కూడా కూర్చోకుండా తన దారిన తాను పోయాడు. ఆనాటి నుంచి ఒత్తి ఎగదోస్తే రాకుమారి గలగలా మాట్లాడేది. ఒత్తి తగ్గిస్తే ఆవలించేది. గాలి తగిలితే వెక్కేది. పద్దెనిమిదేళ్ళుగా పదహారు మంది పరిచారకులు వంతులు వేసుకుని ఆ దీపాన్ని కాచారు. మనుషులు కాబట్టి కునుకు తీశారు. ఒకడు బాగా కునుకు తీసిన రోజున రాకుమారి ఒక మాట సగంలో ఆపి, మూడు ఘడియల తరువాత, ఒత్తి ఎగదోశాక, మిగతా సగం పూర్తిచేసింది.

కునుకు తీయని కాపలాదారును తాను చేసి ఇస్తానని తిప్పన రాజుగారి ముందు మాటిచ్చాడు. ఆరేళ్ళు పట్టింది. నాలుగు వందల పన్నెండు పళ్ళచక్రాలు. అందులో చిన్నది ఆవగింజంత, పెద్దది గుమ్మడికాయంత. పొట్టలో నాగుపాములా చుట్ట చుట్టుకున్న ఉక్కు కమాను. వీపు మీది తాళంచెవి నూట ఎనిమిది చుట్లు తిప్పితే ఆ కమాను మూడు రోజుల పాటు మెల్లమెల్లగా విప్పుకుంటూ బొమ్మను నడిపిస్తుంది. అడుగు వేస్తే మద్దెల మీద వేలు వేసినట్టు మెత్తని శబ్దం. కనురెప్పలు శంఖపు చిప్పలు. మోసేవాడికి రెండు చేతులు చాలవని నాలుగు పెట్టాడు. ఆ బొమ్మ మొదటిసారి తల తిప్పి చూసిన రోజున తిప్పన అన్నం మరిచిపోయి దాని ఎదురుగా సాయంత్రం దాకా కూర్చున్నాడు.

పనివాడు పని సగంలో వదిలేస్తే తిప్పనకు ఒళ్ళు మండేది. అందుకని ఆజ్ఞప్ప కుడిచెవికి ఒక మూత పెట్టాడు. పని చెప్పగానే మూత పడుతుంది. ఆ పని పూర్తయ్యేదాకా లేవదు. ఎడమచెవి పేర్ల కోసం. దానికి మూత లేదు. ఒక పేరుతో పిలిస్తే మూడుసార్లు పలికిన మనిషిది ఆ పేరని గుర్తుపెట్టుకుంటుంది. ఒకే పేరు రెండింటికి ఉంటే దగ్గరున్నదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

ఇంత ఆలోచించినవాడు ఒక్కటి మరిచాడు. అది తన ఊరి మాటతీరు.

నిండుపురంలో అశుభం పలకకూడదు. ముత్తాతల కాలం నాటి శుభవాక్య శాసనం అది. అక్కడ డబ్బాలో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. మెడలో తాడు తెగదు, పెరుగుతుంది. మెట్లు ఎవరూ దిగరు, కిందికి ఎక్కుతారు. ఎవరినీ ఉత్తినే 'వెళ్ళు' అనరు. పక్కన 'రా' లేకుండా ఆ మాట గడప దాటదు. దీపాన్ని ఆర్పరు, కొండెక్కిస్తారు. ఉగ్గుపాలతో వచ్చిన మాటలు కాబట్టి వీటిలో వింత ఉందని తిప్పనకు తోచనే లేదు. కొట్టంలో సుత్తి చప్పుడు మధ్య బొమ్మతో అతను మాట్లాడిన మాటలు మూడే: ఎత్తు, తిప్పు, పట్టు.

ఆజ్ఞప్ప కొలువులో చేరిన మొదటి ఉదయం దాది బయ్యమ్మ దీపాల గదిలోకి వచ్చింది. "నా బంగారుకొండ లేచిందా," అని రాకుమారి బుగ్గ పుణికింది. రాకుమారి విసుక్కుంది. బయ్యమ్మ గుమ్మం పక్కన రాత్రి పెట్టిన ప్రమిద చూసి, "తెల్లారింది కదా నాయనా, ఆ దీపం కొండెక్కించు," అంది.

ఆజ్ఞప్ప చెవి మూత టక్కున పడింది. వాడికి తెలిసిన దీపం ఒక్కటే. దాన్ని తీసుకున్నాడు. కిటికీలోంచి కనబడే కొండల్లో పొడుగైనది చూసుకున్నాడు. ద్వారం ఇరుకుగా ఉంటే గోడ గుండా బయటికి నడిచాడు.

మహారాజు పూర్ణకేతుడు మర్యాదస్తుడు. తిప్పనను పిలిచి నిమ్మళంగా చెప్పాడు: "పొద్దు గూట్లో పడేలోగా దీపం రాకపోతే, నాయనా, నీ మెడ పెరుగుతుంది." ఏ అర్థంలో పెరుగుతుందో తిప్పనకూ తెలుసు, పక్కన కత్తి తుడుచుకుంటున్న తలారికీ తెలుసు. కానీ తిప్పనను పరుగెత్తించింది ఆ మాట కాదు. గుమ్మంలో నిలబడి చెప్పులు వేసుకుంటున్న రాకుమారి.

"మీరెక్కడికమ్మాయిగారూ," అని అడిగాడు.

"నా ప్రాణం కొండ మీదుంటే నేను ఇక్కడ కూర్చుని పూలదండ గుచ్చుకోనా? నడు."

అలా వచ్చారు ఇద్దరూ. తిప్పన సంచిలో నాలుగు ఇత్తడి రేకులు, కొన్ని తాళంచెవులు, ఒక చెంబెడు నూనె.

ఆజ్ఞప్ప ఎక్కుతున్నది బండ్ల బాట. అది కొండ చుట్టూ ఏడు మలుపులు తిరుగుతుంది. వాడిని అందుకోవాలంటే అడ్డదారి ఒక్కటే. అది కొండ నడుమున ఉన్న ఘడియసిద్ధుడి కోటలోంచి పోతుంది. కోట పై ఆవరణ దగ్గర మళ్ళీ బండ్ల బాటతో కలుస్తుంది. ఆ పైన శిఖరం. శిఖరం మీద గాలి ఎలా ఉంటుందంటే, అక్కడ గద్దలు కూడా నడిచి పోతాయి.

ఘడియసిద్ధుడు మాంత్రికుడు, యంత్రాలను తప్ప మనుషులను గడప తొక్కనివ్వనివాడు. కోట ద్వారం మీద నిలువెత్తు అక్షరాలతో 'లేదు' అని చెక్కించాడు. దాని కింద 'పోయింది'. ఆ కింద 'చచ్చింది'. కనకరేఖ ఆ మూడు మాటలూ చూడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇద్దరూ రాతి చాటున వేషం కట్టారు. రేకులు ఒంటికి బిగించి, చెంపలకు పసుపు రాసి, వీపుకు తలొక తాళంచెవి కట్టుకున్నారు. మోకాళ్ళు మడవకుండా నడిచి ద్వారం దగ్గరికి వచ్చారు.

అక్కడి కావలిబొమ్మకు తల బదులు పెద్ద జేగంట. అది వంగి తిప్పన గుండెకు చెవి ఆనించింది.

"టిక్కు వినబడాలి," అంది.

తిప్పన నాలుకతో టిక్కు, టిక్కు అన్నాడు. కావలిబొమ్మ రాకుమారి వైపు తిరిగింది. ఆమెకు నాలుక తిప్పే అవసరం రాలేదు. ఆజ్ఞప్ప నాలుగో మలుపులో ఉన్నట్టున్నాడు, తూచినట్టు సమంగా వెక్కిళ్ళు వచ్చాయి.

"ఈమెది మంచి యంత్రం," అంది కావలిబొమ్మ. "నీది కొంచెం నత్తి. నూనె పోసి ఎన్నాళ్ళయింది?"

"నిన్ననే పోశారు."

"అబద్ధం. మోచేయి కిర్రుమంటోంది." నిజానికి కిర్రుమన్నది రేకు. కావలిబొమ్మ తిప్పన సంచి తడిమి చెంబు తీసింది. మూత విప్పింది. అతని మోచేతుల్లో కాస్త, మెడ వెనక కాస్త, మిగిలినదంతా రెండు చెవుల్లోనూ ఒక్క చుక్క వృథా కాకుండా పోసింది. వీపు మీది తాళంచెవిని పట్టుకుని ఆరు చుట్లు తిప్పింది. తాళంచెవితో పాటు చొక్కా, చొక్కాతో పాటు తిప్పన మెలి తిరిగారు.

"ఇప్పుడు సాఫీగా నడుస్తావు," అంది.

రాకుమారి ప్రాణానికని తెచ్చిన నూనె తిప్పన చెవుల్లోంచి భుజాల మీదికి కారుతూ ఉండగా ఇద్దరూ లోపలికి నడిచారు.

లోపల తోట. తిప్పన అలాంటిది కలలో కూడా చూడలేదు. కొలనులో రాగి తామరలు ఘడియకొకసారి ఒక్కో రేకు విప్పుకుంటున్నాయి. ఒడ్డున వెండి కొంగ ఒంటికాలి మీద నిలబడి, తోలు చేపను మింగి, మళ్ళీ కక్కి, మళ్ళీ మింగుతోంది. గున్న ఏనుగంత ఉక్కు నత్త ఒకటి తోట కొలతలు కొలుస్తూ పోతోంది. వంటశాల అరుగు మీద ఇత్తడి వంటవాడు పదకొండేళ్ళుగా ఒకటే అప్పడాన్ని తిరగేసి మరగేసి వేయిస్తున్నాడు. గట్టు మీద నలభై చెక్కబొమ్మలు వరుసగా కూర్చుని, ఎవరూ ఏమీ చేయకపోయినా, సమయానికి చప్పట్లు కొడుతున్నాయి. గాజు పొట్ట నెమలి పురి విప్పితే, లోపల చక్రం చక్రాన్ని, ఆ చక్రం ఇంకో చక్రాన్ని పిలుచుకుంటూ వెళ్ళి తోక చివరి కన్ను దాకా కదలడం కనబడుతోంది.

తిప్పన ఆ నెమలి ముందు బొమ్మలా నిలబడిపోయాడు. ఆ సమయంలో అతను నటించడం లేదు.

"ఏటవాలు పళ్ళు," అన్నాడు తనలో తాను. "ఏటవాలుగా కోశాడమ్మాయిగారూ, అందుకే చప్పుడు లేదు. నేను నిలువుగా కోశాను. ఆరేళ్ళు నిలువుగా కోశాను."

"నా ప్రాణం పైన నడిచిపోతుంటే నువ్వు నెమలి పళ్ళు చూస్తున్నావా?" కనకరేఖ అతని చెవి పట్టుకుంది. నూనెకు చెవి జారింది. రెండో చెవి పట్టుకుంది. అదీ జారింది. "తిప్పనా, నాకు ఆవలింతలు మొదలయ్యాయి."

తిప్పన ముఖం పాలిపోయింది. ఆవలింతలంటే నూనె అడుగుకు వచ్చిందన్నమాట. అప్పుడే ఎదురుగా సన్నమూతి గిండి పట్టుకున్న బొమ్మ ఒకటి, తోటలోని యంత్రాలన్నిటికీ నూనె వేస్తూ వచ్చింది. దేవుడే పంపాడనుకుని తిప్పన దానికి అడ్డం నిలబడ్డాడు.

"అయ్యా, ఒక దీపంలో నూనె నిండుకుంది. నీ గిండి ఒకసారి ఇప్పించు."

"నిండితే ఇంకెందుకు?" అంది బొమ్మ.

"నిండలేదయ్యా. నిండుకుంది."

"నిండింది, నిండుకుంది. అంచుదాకా ఉందన్నమాట. మంచిది." అది పక్కకు తప్పుకుని కొంగ మోకాలికి నూనె వేసింది.

తిప్పన వెంట పడ్డాడు. చెప్పవలసిన మాట తెలుసు. చిన్న మాటే, ద్వారం మీద చెక్కి ఉన్నలాంటిదే. నోరు తెరిచాడు. "నూనె అయి... నూనె..." ఆ దీపం గురించి, ఆ రాకుమారి పక్కన నిలబడి, ఆ మాట అనడానికి నాలుక ఒప్పుకోలేదు. అంటే నిజమవుతుందేమోనని భయం వేసింది. "నూనె బాగా నిండుకుంది," అన్నాడు చివరికి, ఇంకా దీనంగా.

"సంతోషం," అని గిండిబొమ్మ వెళ్ళిపోయింది.

ఇంతలో ఎక్కడో గంట మోగింది. గంట వెంటే పగలబడి నవ్వు. పొడుగాటి తెల్లగడ్డం ముసలాయన ఒకడు మెట్ల మీద నిలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళలో మాత్రం ఏమీ లేకుండా, పావు ఘడియ సేపు నవ్వాడు. రెండో గంట మోగగానే ఠక్కున ఆపాడు.

"నవ్వు వేళ అయిపోయింది," అన్నాడు ముఖం తుడుచుకుంటూ. ఘడియసిద్ధుడు అతనే. దగ్గరికి వచ్చి తిప్పన నుదుటి మీద వేలితో గీసి చూశాడు. "నా బొమ్మలకు చెమట పట్టదు. నిండుపురం వాళ్ళా?"

బుకాయించి లాభం లేదని తిప్పన ఒప్పుకున్నాడు.

"నాదీ ఆ ఊరే. మీ పెద్ద రాజుగారు పద్యం చదివి, ఎలా ఉందన్నాడు. బాగాలేదన్నాను. అంతే, వెళ్ళగొట్టారు. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే లేచి ఆ మాటలన్నీ నూరుసార్లు అంటాను. లేదు, పోయింది, చచ్చింది, ఆరింది. నోరు శుభ్రపడింది." ముసలాయన నడుస్తూనే మాట్లాడాడు. వాళ్ళిద్దరినీ చెరొక చేత్తో పట్టుకుని పై ఆవరణలోకి తీసుకొచ్చాడు. అక్కడ చదరంగం బల్ల, బల్లకు ఆవల బంగారు పూతల మరరాణి. దాని గుండె దగ్గర దీపం పట్టేంత గూడు, ఖాళీగా. "నలభై ఏళ్ళుగా ఆడుతున్నాను. ఒక్కసారి ఓడలేదు. ఎందుకంటే ఎత్తులన్నీ నేను నేర్పినవే. ఎంత విసుగో తెలుసా? గూట్లో ప్రాణమున్న దీపం పెడితే ఇది తన సొంత ఎత్తు వేస్తుంది. పొద్దుటి నుంచి దూరం చూసే గొట్టంలో చూస్తున్నాను. దీపం తనకు తానే నడిచి వస్తోంది."

"అది అమ్మాయిగారి ప్రాణం స్వామీ," అన్నాడు తిప్పన. "మీరు తీసుకుంటే ఈమె..." మళ్ళీ నాలుక ఆగింది.

"చస్తుంది," అన్నాడు ఘడియసిద్ధుడు తేలిగ్గా. "అనడానికి ఎంతసేపు?"

కనకరేఖ అతన్ని నిలువునా చూసింది. ఆవలించింది. ఆవలింత చివర తూలి చదరంగం బల్లను పట్టుకుని నిలబడింది.

అప్పుడే ఆవరణ గోడ విరిగింది. ఆజ్ఞప్ప లోపలికి వచ్చాడు.

కాలి చప్పుడుకు చదరంగం పావులు గంతులేశాయి. వాడి చేతిలో దీపం మినపగింజంతగా ముడుచుకుని ఉంది. "ఆగు," అని అరిచాడు ఘడియసిద్ధుడు. కుడిచెవి మూత పడి ఉంది. వాడు ఆగలేదు. ముసలాయన చిటిక వేశాడు. చప్పట్ల బొమ్మలు నలభైయ్యీ దూకి ఆజ్ఞప్ప కాళ్ళను వాటేసుకున్నాయి. వాడు నలభై బొమ్మలనూ ఈడ్చుకుంటూ నడిచాడు. ఉక్కు నత్త అడ్డం వచ్చింది. దాని మీంచి ఎక్కి అవతలికి పోయాడు. కాళ్ళకు వేలాడుతున్న బొమ్మలు సమయమైందని మధ్యలో చేతులు వదిలి చప్పట్లు కొట్టి, రాలిపోయాయి. ఇక ఎదురుగా ఎగువ ద్వారం. దాని బయట శిఖరం గాలి ఈలలు వేస్తోంది.

ఇంకా పాతిక అడుగులు. ఆ గాలిలోకి వెళితే దీపం సంగతి చెప్పనక్కర్లేదు.

తిప్పన వాడి ముందుకు పరుగెత్తి వెనక్కి నడుస్తూ వాడి ముఖం చూశాడు. ఆరేళ్ళు తాను చేసిన ముఖం. కుడిచెవి మూత. ఎడమచెవి తెరిచే ఉంది. ఎడమచెవి పేర్ల కోసం. దీపం కొండ ఎక్కాలి. కొండ ఏదైతేనేం?

"అమ్మాయిగారూ," అని కేకేశాడు, "బయ్యమ్మ మిమ్మల్ని ఏమని పిలుస్తుంది?"

కనకరేఖ బల్ల మీద తల ఆనించి ఉంది. "ఆ పేరెత్తకు. ఎనిమిదో ఏట నేను లావుగా ఉండేదాన్ని. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, దానికి పలకనని."

"ఒట్టు తరువాత చూద్దాం. పిలుస్తున్నాను, పలకండి. కొండా."

జవాబు లేదు. ఇరవై అడుగులు.

"కొండా, నీకు దండం పెడతాను."

"ఓయ్," అంది కనకరేఖ, చచ్చేంత సిగ్గుతో.

ఆజ్ఞప్ప ఎడమచెవిలో ఒక చక్రం టక్కుమంది. పదిహేను అడుగులు.

"కొండా."

"ఓ...య్." ఈసారి గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. రెండో టక్కు. ఎగువ ద్వారంలోంచి వచ్చిన మొదటి గాలి తిప్పన వీపుకు తగిలింది. దీపం నీలంగా మారి ఒత్తి మీద కూర్చుంది. కనకరేఖ బల్ల మీంచి జారి నేల మీద కూలబడింది.

"కొండా," అన్నాడు తిప్పన. పలకలేదు. "కొండా." పలకలేదు. పది అడుగులు. అతను కేకలు మాని, ఏడుపు ఆపుకుని, బయ్యమ్మ ఎలా పిలుస్తుందో అలా, బుగ్గ పుణికే గొంతుతో పిలిచాడు: "నా బంగారుకొండ కదూ. కొండా."

కనకరేఖ కళ్ళు మూసుకునే విసుక్కుంది. "ఏమిటే బయ్యమ్మా, ఓయ్ అంటున్నానుగా."

మూడో టక్కు.

ఆజ్ఞప్ప ఆగాడు. కొండలు రెండయ్యాయి. ఒకటి దూరం, ఒకటి దగ్గర. వాడు వెనక్కి తిరిగాడు. నేల మీద ఒరిగి ఉన్న రాకుమారిని రెండు చేతులతో లేపి కూర్చోబెట్టాడు. మూడో చేత్తో జడ సర్దాడు. నాలుగో చేత్తో దీపాన్ని పువ్వు పెట్టినంత మెత్తగా ఆమె నడినెత్తి మీద నిలబెట్టాడు. గాలి లేనిచోట దీపం తెల్లబడి తలెత్తింది. కనకరేఖ కళ్ళు తెరిచింది.

కుడిచెవి మూత లేచింది. "దీపం కొండెక్కింది," అన్నాడు ఆజ్ఞప్ప. "తరువాత పని?"

ఎవరు ముందు నోరు తెరిస్తే పని వాళ్ళది. తిప్పన నోరు తెరిచాడు. చెవుల్లోంచి కారిన నూనె గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చింది. ఘడియసిద్ధుడు వేలు చూపించి, "ఆ దీ..." అన్నాడు.

అప్పుడు కనకరేఖ, నెత్తిన దీపం కదలకుండా, రెండు చేతులూ జోడించి, పెద్దవాళ్ళ ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు నిండుపురం ఆడపిల్ల ఎలా అంటుందో అలా అంది: "ఇక సెలవు బాబాయిగారూ, వెళ్ళొస్తాం."

ఆ మాటకు ఆ ఊళ్ళో ఒకటే జవాబు ఉంది. నలభై ఏళ్ళు రోజుకు నూరుసార్లు నోరు కడుక్కున్నా పోని జవాబు.

"మంచిదమ్మా, వెళ్ళిరండి," అన్నాడు ఘడియసిద్ధుడు. అని, నాలుక కరుచుకున్నాడు.

మూత టక్కున పడింది.

ఒక చేత్తో దీపం, ఒక చేత్తో తిప్పన, ఒక చేత్తో రాకుమారి, నాలుగో చేయి గాలికి అడ్డం. ఆజ్ఞప్ప మలుపులు తిరగలేదు. నిట్టనిలువునా కొండ మీంచి కిందికి పరుగు తీశాడు. తోటలో వెండి కొంగ మింగుతున్న చేపను మరిచి చూసింది. కావలిబొమ్మ టిక్కు వినడానికి వంగేలోగా దాని తల గణగణమని మోగింది. ముళ్ళపొదలు, బండలు, ఒక సెలయేరు, భయపడి దారి ఇచ్చిన మేకల మంద. ప్రతి గంతుకీ రాకుమారి వెక్కింది.

"తెలిసే అన్నారా అమ్మాయిగారూ, ఆ మాట?" అని తిప్పన తలకిందులుగా వేలాడుతూ అడిగాడు.

"తెలియక... వెక్... అంటానా?" అంది ఆమె. తిప్పనకు పూర్తిగా నమ్మకం కుదరలేదు.

పొద్దు అంచు నేలను తాకుతుండగా నిండుపురం కోట గుమ్మం వచ్చింది. మహారాజు, తలారి, ఊరంతా అక్కడే ఉన్నారు. అందరికంటే ముందు బయ్యమ్మ నూనె జాడీ ఎత్తుకుని నిలబడింది. ఒత్తి చివర ఎర్రటి చుక్క మాత్రమే ఉంది.

"నూనె నిండుకుందా నా తల్లీ," అంటూ ఆమె ఆజ్ఞప్ప మోకాలు ఎక్కి జాడీ వంచింది. నూనె అంచుదాకా వచ్చింది. దీపం బారెడు లేచింది. కనకరేఖ బుగ్గల్లోకి రక్తం వచ్చింది. వెక్కిళ్ళు ఆగాయి. ఆ వెంటనే ఆపకుండా మాట్లాడటం మొదలుపెట్టింది. కొంగ గురించి, అప్పడం గురించి, తన ఎనిమిదో ఏటి ఒట్టు గురించి. తలారి కత్తి ఒరలో పెట్టుకుని తిప్పన మెడ వైపు ఇంకోసారి చూసి, పక్కకు తప్పుకున్నాడు. ఊరు ఊరంతా శుభం పలికింది.

ఆజ్ఞప్ప ముందుకు వంగి కోట గడపను కాలి బొటనవేలితో తాకాడు.

"వెళ్ళడం అయింది," అన్నాడు. చెవి మూత లేవలేదు. "ఇక రావడం."

గిర్రున వెనక్కి తిరిగాడు. ఒక చేతిలో దీపం, ఒక చేతిలో రాకుమారి, ఒక చేతిలో తిప్పన.

"ఓరి నా తండ్రీ," అంది బయ్యమ్మ, ఖాళీ జాడీతో వాడి మోకాలి మీంచి జారుతూ.

ఊరు వెనక్కి పోయింది. పొలాలు వెనక్కి పోయాయి. ఎదురుగా సూదికొండ, దాని నడుమున సాయంకాలపు ఎరుపులో కోట తలుపులు బార్లా తెరుచుకోవడం తిప్పనకు స్పష్టంగా కనబడింది. ఎవరో వాకిట్లో పీటలు వేస్తున్నారు. రెండు పీటలు. నడుమ చదరంగం బల్ల.

"తిప్పనా," అంది కనకరేఖ, పూర్తి ఒత్తి బలంతో, "ఈసారి వీడు పైకి చేరి మూత తెరవగానే ముసలాయన కంటే ముందు మనమే అనాలి. ఏమంటావు?"

"కొండ కిందికి ఎక్కు అంటాను."

"కిందికి ఎలా ఎక్కుతాడు? తలకిందులుగా నడుస్తాడు, దీపం ఒలుకుతుంది."

"నిండుపురానికి వెళ్ళిరా అంటాను."

"మళ్ళీ ఇదే. జన్మంతా ఇద్దరం వీడి చంకలో ఈ దారిలోనే తిరుగుతాం. నిండుపురానికి వెళ్ళు, అనాలి. వెళ్ళు. అంతే. దాని తోక కోసెయ్యాలి."

తిప్పన నోరు తెరిచాడు. చిన్న మాటే. ఏటవాలు పళ్ళు కోయడం కంటే తేలిక. "వెళ్ళు," అన్నాడు. పెదవులు బిగించాడు. లోపలి నుంచి ఏదో తన్నుకొచ్చింది. "...రా."

"అయ్యో. నేను అంటాను చూడు. వెళ్ళు." రాకుమారి అరచేత్తో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి సన్నగా వినబడింది: "...రా."

మొదటి మలుపు వచ్చింది. ఇంకా ఆరున్నాయి. ఇత్తడి అడుగులు మద్దెల వాయిస్తుండగా, ఆ రెండు గొంతులూ కొండ ఎక్కుతూ ఒకటే మాట సాధన చేశాయి.

"వెళ్ళు."

"...రా."

"వెళ్ళు."

"...రా."